సోపానక్రీడలును కోలారు బంగారు గనులును: అనుభవగణన చరిత్ర

కోలారు బంగారు గనుల ప్రాంతమున 'లెవెలు' అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. మారికుప్పము, ఛాంపియన్ రీఫ్, ఊరిగాము గనులలో పనిచేసిన కుటుంబములలో అది కొన్ని తరముల నుండి ఇంటిమాటయే. నేడు అదే మాట మా పాఠశాలలలోని పిల్లల నోట వేఱొక అర్థమున వినబడుచున్నది. చేతిఫోనులో ఆడు ఆటయందు తాము ఎన్నవ లెవెలు చేరితిమో వారు చెప్పుకొందురు. వారి తాతలు గనిలో ఎన్నవ లెవెలున పని చేసితిమో చెప్పుకొనెడివారు. తాతల లెవెలు భూమిలోనికి దిగునది; మనుమల లెవెలు పైకి ఎక్కునది. ఈ రెండు లెవెళ్ళకును గల సంబంధము శబ్దసామ్యము మాత్రమే కాదనియు, ఒకదాని చరిత్ర తెలిసినచో రెండవదాని గుణదోషములు స్పష్టపడుననియు నిరూపించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా విషయమును నిర్వచించుకొందము. పాత్రధారణ క్రీడ యనగా ఆటగాడు ఒక వీరుడో, మాంత్రికుడో, వైద్యుడో యైన కల్పిత వ్యక్తిని తనదిగా చేసికొని, ఆ వ్యక్తి పేర సాహసములు నడపు ఆట. ఆ వ్యక్తి చేసిన పనులకు కొన్ని అంకములు లభించును. వీనిని అనుభవాంకములు అందము. అవి ఒక మేరకు చేరినప్పుడు వ్యక్తి ఒక మెట్టు ఎక్కును. మెట్టు ఎక్కినచో బలము హెచ్చును, క్రొత్త విద్యలు అలవడును. ఇట్టి ఏర్పాటును కల్పించువాడు నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెను. ఏ పని లెక్కకు వచ్చును? ఎంత కూడినచో మెట్టు మాఱును? మెట్టు మాఱినందున ఏమి లభించును? సంపాదించినది తిరిగి పోవునా? వీనికి తోడు ఐదవ ప్రశ్న యొకటి కలదు. ఆ లెక్క ఎవరి పేర వ్రాయబడును? ఈ ఐదవ ప్రశ్నను ఆటలకంటె గనుల చరిత్రయే మనకు బాగుగా నేర్పుచున్నది.

వైకుంఠపాళి

మెట్లెక్కు ఆటలు తెలుగువారికి చిరపరిచితములు. ముక్కోటి ఏకాదశి నాడు జాగరణము చేయువారు వైకుంఠపాళి ఆడుట మన ఇండ్లలో ఆచారముగా నుండెను. దీనికే పరమపదసోపాన పటమని పేరు. పటమును బట్టి గళ్ళ సంఖ్య మాఱును. సుగుణములు నిచ్చెనలు, దుర్గుణములు పాములు. పురాణములలోని రాక్షసుల పేళ్ళును పాములకు పెట్టుట కలదు. గవ్వలో పాచికలో వేసి, పడిన సంఖ్యను బట్టి కాయను నడపుదురు. తుద గడి పరమపదము. ఉత్తరదేశమున దీనికి జ్ఞానచౌపడ్ అని పేరు. అచ్చటి వైష్ణవ పటములలో 72 గళ్ళును, జైన పటములలో 84 గళ్ళును కలవి ప్రసిద్ధములు. ఆంగ్లేయులు ఈ ఆటను తమ దేశమునకు కొనిపోగా, అచ్చట 19వ శతాబ్ది చివర నుండి అది పిల్లల పాముల నిచ్చెనల ఆటగా వ్యాపించెను. ఆ మాఱుటలో గళ్ళు నూఱైనవి. మోక్షము పోయి గెలుపు మిగిలెను.

వైకుంఠపాళికిని నేటి పాత్రధారణ క్రీడకును గల భేదమును గమనింపవలెను. వైకుంఠపాళిలో కాయ స్థానము మాఱును గాని కాయ మాఱదు. తొంబదవ గడికి చేరిన కాయకు మొదటి గడిలోని కాయకంటె బలము లేదు. నిచ్చెన ఎక్కుట ఆటగాని నేర్పు వలన గాక గవ్వల పాటు వలన సంభవించును. పరమపదము ముందఱనే మహాసర్పము నోరు తెఱచి యుండును. ఎంత ఎక్కినవాడైనను అడుగునకు జాఱవచ్చును. అహంకరింపరాదను నీతి ఆ పామునందు కలదు. మెట్టు అనునది స్థానము నుండి వ్యక్తిలోనికి ఎప్పుడు ప్రవేశించెనో, అప్పుడు పాత్రధారణ క్రీడ పుట్టెనని చెప్పవచ్చును.

యుద్ధక్రీడ నుండి పాత్రధారణకు

ఆ మార్పు ఐరోపాలోని యుద్ధక్రీడల దారిని వచ్చినది. ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను సైనికాధికారి 1824లో సేనానుల శిక్షణకై ఒక యుద్ధక్రీడను ప్రకటించెను. అందు పటముపై దళములు నడచును. పాచికలు నష్టములను నిర్ణయించును. మధ్యవర్తి యొకడు తీర్పు చెప్పును. దళము ఎన్ని యుద్ధములు చేసినను దానికి పేరు లేదు, చరిత్ర లేదు. తరువాత అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ 1969లో ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క మనిషి పాత్రను ఇచ్చి ఆట నడపెను. అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ 1971 ప్రాంతమున బ్లాక్‌మూర్ అను కల్పిత దేశమును నిర్మించి, ఒక ఆటలో బ్రతికిన వీరుడు మఱుసటి ఆటకు అనుభవముతో వచ్చునట్లు ఏర్పాటు చేసెను. విస్కాన్సిన్ రాష్ట్రమునందలి గ్యారీ గైగాక్స్ అతనితో కలసి నియమములు కూర్పగా, 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట వెలువడెను. నేటి పాత్రధారణ క్రీడలన్నింటికిని మూలము ఇదియే.

ఆ 1974 నాటి నియమములు కోలారువారికి చిత్రముగా తోచును. అందలి సాహసరంగము భూగర్భము. సొరంగములు అంతస్తులుగా ఉండును. ఆ అంతస్తులకు ఇచ్చిన పేరు లెవెలు. వాని అంకెలు క్రిందికి దిగిన కొలది పెరుగును. లోతు హెచ్చిన కొలది అపాయమును హెచ్చును, నిధియును హెచ్చును. ఆటగాడు రాక్షసులను చంపినందుకు కొన్ని అనుభవాంకములు పొందును గాని, ఎక్కువ అంకములు వచ్చునది బంగారము వలన. పాతాళము నుండి పైకి తెచ్చిన ఒక్కొక్క బంగారు నాణెమునకు ఒక్కొక్క అనుభవాంకము. యోధుడు రెండవ మెట్టు చేరుటకు 2,000, మూడవదానికి 4,000, నాలుగవదానికి 8,000, ఐదవదానికి 16,000 అంకములు కావలెను. ప్రతి మెట్టును వెనుకటిదానికి రెట్టింపు. తేలిక పనులతో మెట్లు ఎక్కకుండుటకు ఒక నియమము కలదు: 8వ మెట్టు మాంత్రికుడు 5వ అంతస్తున తిరిగినచో అతనికి ఎనిమిదింట ఐదు పాళ్ళ అంకములే లభించును. కనుక ఎదిగినవాడు మఱింత లోతునకు దిగక తప్పదు.

ఆ ఆటలో పాములును లేకపోలేదు. కొన్ని పిశాచముల స్పర్శ సోకినచో వీరుడు ఒకటి రెండు మెట్లు కోల్పోవును. అయినను సాధారణముగా మెట్టుతోపాటు ప్రాణబలము హెచ్చును. ఎక్కువ కాలము భూగర్భమున తిరిగి, బంగారముతో బయటపడినవాడు ఎక్కువ దెబ్బలను ఓర్చుకొనగలడు. ఇది ఆ క్రీడాలోకపు ధర్మము.

గనిలోని లెవెళ్ళు

ఇదే ధర్మము నిజముగా ఎట్లు నడచెనో చూచుటకు కోలారు బంగారు గనులకంటె తగిన చోటు లేదు. 1870 దశకమున మైఖేల్ లావెల్ అను ఐర్లండు దేశీయుడు మైసూరు ప్రభుత్వము వద్ద అనుమతి పొంది ఇచ్చట అన్వేషణ సాగించెను. 1880 నుండి లండనులోని జాన్ టెయిలర్ అండ్ సన్స్ కంపెనీ గనుల నిర్వహణమును చేపట్టెను. మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరిగాము, నందిదుర్గము పేళ్ళతో గనులు వెలసెను. 1902లో శివసముద్రమునందలి కావేరీ జలపాతము నుండి విద్యుచ్ఛక్తి ఈ గనులకు వచ్చెను. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను జాతీయము చేసెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. ఈ 120 సంవత్సరములలో వెలికి వచ్చిన బంగారము సుమారు 800 టన్నులని లెక్క.

గని యొక్క నిర్మాణమును చూడుడు. పైనుండి లోపలికి నిలువుబావి వంటి షాఫ్టు. దానినుండి ఇంచుమించు నూరేసి అడుగులకు ఒకటి చొప్పున అడ్డముగా త్రవ్విన బాటలు లెవెళ్ళు. దిగిన కొలది అంకె పెరుగును. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయి ప్రపంచమందలి మిక్కిలి లోతైన గనులలో ఒకటిగా పేరొందెను. అంత లోతున రాతివేడి అఱువది డిగ్రీల సెంటీగ్రేడును మించును. చుట్టుప్రక్కల రాతి ఒత్తిడిచే బండలు ఒక్కుమ్మడిగా పగిలి మీద పడుట ఇచ్చటి గనులకు నిత్యభయము. మీదుమిక్కిలి, లోతునకు పోయిన కొలది టన్ను రాతిలో దొరకు బంగారము తగ్గుచు వచ్చెను. ఆటలో లోతు హెచ్చినచో నిధి హెచ్చును. గనిలో లోతు హెచ్చినచో శ్రమ హెచ్చెను, నిధి తగ్గెను.

ఇక లెక్క ఎవరి పేర వ్రాయబడెనను ప్రశ్నకు వత్తము. ఉత్తర ఆర్కాటు, సేలము, చిత్తూరు ప్రాంతముల నుండి తమిళులును తెలుగువారును ఈ గనులకు కూలికి వచ్చిరి. వారిలో పెక్కుమంది అస్పృశ్యులుగా చూడబడిన కులములవారు. గ్రామములలోని వెట్టినుండి తప్పించుకొనుటకు పాతాళమునకు దిగుట మేలని ఎంచినవారు. కంపెనీ కాలమున పై ఉద్యోగములు ఐరోపీయులవి. వారి తరువాత ఆంగ్లో ఇండియనులు. అడుగున మన కార్మికులు. ఇరువది సంవత్సరములు రాతిని చదివినవాడైనను ఆ పై మెట్టునకు నిచ్చెన ఉండెడిది కాదు. బండ పగులుటకు ముందు వినవచ్చు చప్పుడు వాని చెవికి తెలియును. ఏ గీటు వెంట బంగారము పోవునో వాని కంటికి తెలియును. ఆ జ్ఞానమునకు మెట్టు లేదు, అంకము లేదు, బిరుదము లేదు. పైకి వచ్చినప్పుడు వానికి జరిగినది సోదా. ఆటలో బంగారముతో పైకి వచ్చినవాడు వీరుడు. గనిలో పైకి వచ్చు ప్రతివాడును అనుమానితుడు.

1930లో కార్మికుల వ్రేలిముద్రలు తీసికొని వారిని నమోదు చేయు నియమము వచ్చినప్పుడు వేలకొలది మంది పని మాని సమ్మె చేసిరి. గని తమను గూర్చి ఉంచదలచిన లెక్క తమ పనితనపు లెక్క కాదనియు, తమను దొంగలుగా పట్టు లెక్క యనియు వారు గ్రహించిరి. మెట్లను కల్పించు ఏ ఏర్పాటుకైనను ఈ సమ్మె ఒక పాఠము. అంకములు వ్రాయువాడు ఎవరి మేలు కొఱకు వ్రాయుచున్నాడో తెలిసికొను హక్కు అంకములు పొందువానికి ఉండవలెను.

ప్రాణబలము విషయమున భేదము మఱింత విచారకరము. ఆటలో అనుభవము పెరిగినకొలది దేహబలము పెరుగును. గనిలో రాతిధూళి ఏటేట ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధియై, అనుభవము కలవానినే ముందుగా కూలద్రోసెను. అనుభవము శరీరమునకు అప్పుగా మాఱుట ఏ క్రీడాకర్తయు కల్పింపని నియమము. అది మన గనులలో నడచెను.

యంత్రమునకు చిక్కిన లెక్క

1974 నాటి ఆట కాగితముపై ఆడునది. లెక్కలు ఆటగాండ్రే వ్రాసికొనెడివారు. మఱుసటి సంవత్సరముననే అది యంత్రమున ప్రవేశించెను. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున బోధన కొఱకు నిర్మించిన ప్లేటో అను కంప్యూటరు వ్యవస్థలో 1975లో పెడిట్5, డి.ఎన్.డి. అను ఆటలు విద్యార్థుల చేతనే వ్రాయబడెను. పాఠములకు ఉద్దేశించిన చోట ఆట కనబడుటచే అధికారులు పెడిట్5ను తుడిచివేసిరి. విద్యకును మెట్లాటకును గల పొత్తును పోరును మొదటినుండియు ఉన్నవే. 1981లో విజార్డ్రీ, అల్టిమా అను ఆటలు ఇండ్లలోని కంప్యూటర్లకు వచ్చెను.

1986లో జపాను దేశమున యూజీ హోరీ రూపొందించిన డ్రాగన్ క్వెస్ట్ ఈ క్రీడను సామాన్యునికి అందజేసెను. అందు రెండు నియమములు ముఖ్యములు. మొదటిది: నేర్పు తక్కువైనవాడును ఓర్పుతో చిన్న శత్రువులను మరల మరల గెలిచి, అంకములు కూడబెట్టి, మెట్లెక్కి, తుదకు కథను ముగింపగలడు. రెండవది: వీరుడు ఓడినచో రాజసన్నిధికి తిరిగి చేరును; చేతిలోని బంగారములో సగము పోవును; అనుభవము మాత్రము ఒక్క అంకమైనను తగ్గదు. బంగారము పోయినను అనుభవము నిలుచును. ఈ వాక్యమును కోలారు పౌరులు జాగ్రత్తగా చదువవలెను. 2001లో మన గనుల బంగారము పోయినప్పుడు వేలమంది అనుభవము నిలుచుటకు చోటు లేక, దానితోపాటే పోయెను. ఆ కార్మికులలో పెక్కుమంది, వారి సంతానమును, నేడు వేకువ రైలులో బెంగుళూరునకు పోయి మొదటి మెట్టునుండి పని ప్రారంభించినవారు.

అదే 2001 జనవరిలో ఇంగ్లండు దేశమున రూన్‌స్కేప్ అను ఆట వెలువడెను. అందు అనుభవము ఒక మొత్తముగా గాక ఒక్కొక్క వృత్తికి వేఱువేఱుగా పెరుగును. గని త్రవ్వుట అందొక వృత్తి. చిరకాలము నడచిన నియమము ప్రకారము రాగి, తగరములతో మొదలిడినవాడు 15వ మెట్టున ఇనుమును, 20వ మెట్టున వెండిని, 40వ మెట్టున బంగారమును త్రవ్వు అర్హత పొందును. రెండవ మెట్టునకు 83 అంకములు చాలును. 99వ మెట్టునకు 1,30,34,431 కావలెను. 92వ మెట్టు చేరినవానికి ఈ దారిలో సగమే పూర్తియగును. కోలారు గని మూతపడిన ఏటనే, గని త్రవ్వువాని పనితనమునకు మెట్టు మెట్టునకు లెక్క వ్రాయు ఆట పుట్టినది. బంగారము త్రవ్వుట నలువది మెట్ల నేర్పు గల పని యని ఒక ఆట ఒప్పుకొన్నది, గని ఒప్పుకొనలేదు.

మూడు పద్ధతులు

ఇంతవఱకు చూచిన ఏర్పాట్లను మూడు విధములుగా విభజింపవచ్చును. మొదటిది సంచయ పద్ధతి: ఏ పని చేసినను అంకములు ఒకే సంచిలో చేరును. ఇది సులభము, అందఱికిని అందును. కాని కత్తి త్రిప్పి సంపాదించిన అంకములతో తాళము తీయుట నేర్చినట్లు, చేయని పనిలో ప్రావీణ్యము వచ్చు దోషము కలదు. రెండవది అభ్యాస పద్ధతి: ఏ పని చేసిన ఆ పనియే పెరుగును. 1988 నాటి ఫైనల్ ఫాంటసీ రెండవ ఆటయు, రూన్‌స్కేపును ఈ మార్గమువి. ఇది న్యాయమునకు దగ్గఱ. కాని ఒకే పనిని వేలమార్లు యాంత్రికముగా చేయించు దోషము కలదు.

మూడవది పరీక్షా పద్ధతి. దీనికి మంచి ఉదాహరణము మన అవధానవిద్య. అష్టావధానము, శతావధానము, సహస్రావధానము అను మెట్లు తెలుగువారికి తెలిసినవే. తిరుపతి వేంకట కవులు ఊరూర సభలు చేసి ఈ విద్యకు అఖండ ప్రచారము కల్పించిరి. అవధానికి కూడబెట్టిన అంకములు లేవు. నిన్నటి సభ నేటి సభకు పూచీ పడదు. పృచ్ఛకుల ఎదుట నిలిచి, ధారణ చేసి చూపినప్పుడే ఆ మెట్టు ఆతనిది. ఇందు మోసమునకు తావు లేదు. కాని సామాన్యునికి తొలిమెట్టే ఆకాశము.

పాఠశాలలోను ఈ మూడును కలవు. 2009 విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి వఱకు ఏ బాలుని వెనుక నిలుపరాదని శాసించెను. అది పాములు లేని వైకుంఠపాళి. 2019లో చట్టమును సవరించి, ఐదు, ఎనిమిది తరగతులలో నిలుపు అధికారమును రాష్ట్రములకు ఇచ్చిరి. పాము ఉండవలెనా వద్దా యని పెద్దలు వాదించుచుండగా, పిల్లవాడు ఎక్కిన మెట్టు వాని విద్యకు గుఱుతా, లేక గడచిన ఏటికి గుఱుతా యను ప్రశ్న వెనుకబడినది. ఇంట తెలుగును, వీథిలో కన్నడమును తమిళమును, పుస్తకములో ఆంగ్లమును నేర్చు కోలారు బాలుని శ్రమలో ఏ భాగము పట్టికలో అంకముగా పడుచున్నది? నాలుగు భాషల నడుమ మెలగు నేర్పునకు ఏ పట్టికయందును గడి లేదు. మాతృభాష తరగతి సన్నగిల్లిన కొలది, ఆ నేర్పులో ఇంటినుండి వచ్చిన భాగము లెక్కకు రాకయే పోవును.

చేయవలసిన పని

నేడు బెంగుళూరు, హైదరాబాదు నగరములలో తెలుగు యువకులు ఇట్టి ఆటలను నిర్మించు ఉద్యోగములలో ఉన్నారు. వారికి ఈ చరిత్ర ఉపయోగపడును. అనుభవమును లెక్కించుట అందఱును చేయగలరు. ఆ లెక్క శ్రమించినవాని పేర నిలుచునట్లు చేయుట న్యాయము. సంపద పోయినను అనుభవము పోరాదు. ఆటగానిచే ధనము వ్యయము చేయించుటకై మెట్లను దూరము చేసి, రొక్కము చెల్లించినవానికి దగ్గఱ చేయు ఆటలు నేడు ఫోనులలో పెక్కు కలవు. అవి లెక్కను మరల యజమానుని పేర వ్రాయుచున్నవి. నిర్మాతలు తమ పట్టికను ఒకమాఱు ఈ దృష్టితో పరిశీలించుట మంచిది.

సంఘసభ్యులకు నా మనవి వేఱొకటి. గనిలో దిగి పనిచేసిన తెలుగు పెద్దలు ఇంకను మన నడుమ ఉన్నారు. రాతి చప్పుళ్ళకు, గీట్లకు, పనిముట్లకు, పనిలోని వరుసలకు వారి నోట గల మాటలు ఏ నిఘంటువునకును చాలవఱకు ఎక్కలేదు. ఏ షాఫ్టున దిగితిరి, ఎన్నవ లెవెలున, ఎన్ని సంవత్సరములు, ఏ పని, ఎవరి వద్ద నేర్చితిరి, ఎవరికి నేర్పితిరి యను ఆఱు ప్రశ్నలతో ఒక పుస్తకమును ప్రతి పేటయందును తెఱచి వారి సమాధానములను వారి మాటలలోనే వ్రాసికొందము. మాఱికుప్పము నుండి రాబర్ట్‌సన్‌పేట వఱకు ఈ పనికి పాఠశాల పై తరగతుల విద్యార్థులు చాలుదురు. 120 సంవత్సరముల బంగారము లెక్క కంపెనీ పుస్తకములలో కలదు. అనుభవపు లెక్కను మనము వ్రాయవలసి యున్నది.